ఇంటి కంప్యూటరు చూపు డేటా లెక్కలు: ఒక విమర్శ

కొన్ని దినముల క్రిందట మా పెందుర్తిలోని ఒక ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు నా యొద్దకు వచ్చి, మూడు అంకెలు వ్రాసిన కాగితము నొకదానిని చేతికిచ్చినాడు. మొదటిది గడచిన ముప్పది దినములలో తాను వాడిన డేటా ఇంత అని ఆయన ఇంటి కంప్యూటరు చూపినది. రెండవది ఇంటర్నెట్టు సరఫరా చేయు కంపెనీ తన లెక్కలో చూపినది. ఇది మొదటిదానికి ఇంచుమించు రెండు రెట్లున్నది. మూడవది ఇంటి గోడకు తగిలించిన రూటరు పెట్టె చూపినది. ఇది తక్కిన రెండింటికంటెను చాల తక్కువ.

"వీటిలో ఏది నిజమండీ? మా వైఫై ఎవరైనా దొంగతనంగా వాడుకుంటున్నారా? లేకపోతే కంపెనీవాడే ఎక్కువ వేస్తున్నాడా?" అని ఆయన ప్రశ్న.

దొంగ లేడనిగాని ఉన్నాడనిగాని ఆ కాగితమును చూచి చెప్పుటకు వీలులేదు. మూడంకెలును నిజములే కావచ్చును. ఒక్కొక్కటి ఒక్కొక్క ప్రశ్నకు జవాబు. ఆ ప్రశ్న యేదో మాత్రము ఏ తెరమీదను వ్రాసియుండదు. నా ఫిర్యాదు అంకెలమీద కాదు. వాటిని మనకు చూపించు తీరుమీద.

మన విద్యార్థి ప్రయోగశాల పుస్తకములో "పొడవు 12" అని వ్రాసి ఊరకున్నచో మనము దానికి మార్కులు వేయము. పన్నెండు ఏమిటి, సెంటీమీటర్లా, అంగుళములా? ఏ పరికరముతో కొలిచితివి? దాని శూన్యాంశ దోషమును తీసివేసితివా? ఇన్ని ప్రశ్నలు వేసి పుస్తకమును తిప్పి పంపుదుము. కోట్ల కొలది జనులు చూచు కంప్యూటరు తెర అదే పని చేసినప్పుడు మాత్రము, ఆ నీలిరంగు పట్టీల అందమును చూచి తల యూపుచున్నాము. పదవ తరగతి కుర్రవాని పుస్తకమును దిద్దినట్లే ఈ తెరనుకూడ ఒకమారు దిద్ది చూతము.

ముందుగా, ఆ అంకె ఎట్లు పుట్టుచున్నది? ఇంటర్నెట్టులో సమాచారము ఏకధారగా ప్రవహించదు. చిన్న చిన్న మూటలుగా కట్టబడి వచ్చును. ఒక్కొక్క మూటను ప్యాకెట్టు అందురు. ప్యాకెట్టు కంప్యూటరులోని నెట్‌వర్కు కార్డును దాటినప్పుడెల్ల, అది ఎన్ని బైట్లున్నదో చూచి ఆ సంఖ్యను ఒక కౌంటరుకు కలుపుదురు. వచ్చినవాటికి ఒక కౌంటరు, పోయినవాటికి ఇంకొకటి. అంతే. సినిమా టిక్కెట్లు చించువాడు ఎవరు ఏ ఊరినుండి వచ్చినారో అడుగనట్లే, ఈ కౌంటరుకును దేనికొరకు వచ్చినదో తెలియదు. విండోసులో "డేటా యూసేజ్" అను పుట ఈ కౌంటర్లను కార్యక్రమములవారీగా విడగొట్టి చూపును. ఇది మెచ్చుకొనదగిన పనియే. బ్రౌజరు ఎంత, ఆటలెంత అని తెలిసికొనుటకు మరియొక సులభమార్గము లేదు.

ఇక దిద్దుట మొదలుపెట్టుదము. మొదటి తప్పు ప్రమాణముల విషయములో.

విండోసులోనే "టాస్క్ మేనేజర్" అను తెర యొకటి కలదు. దానిలో డిస్కు పని ఒక నిలువు వరుసలోను, నెట్‌వర్కు పని దాని ప్రక్క వరుసలోను కనబడును. డిస్కుది సెకనుకు ఇన్ని మెగాబైట్లు. నెట్‌వర్కుది సెకనుకు ఇన్ని మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు గనుక, అరంగుళము ఎడముతో నున్న ఈ రెండంకెలలో ఒకదానిని ఎనిమిదితో భాగించనిదే రెండవదానితో పోల్చుటకు వీలులేదు. నెట్‌నుండి దిగుచున్న ఒక ఫైలు డిస్కులో పడుచున్నప్పుడు నెట్‌వర్కు గడిలో 80 అనియు, డిస్కు గడిలో 10 అనియు కనబడవచ్చును. రెండును ఒకే వేగము! మా విద్యార్థులలో సగముమందికి పైగా, "నూరు ఇస్తానని పన్నెండే ఇస్తున్నాడు" అని కంపెనీని తిట్టుట నేను విన్నాను. నూరు మెగాబిట్లనగా పన్నెండున్నర మెగాబైట్లు. కంపెనీ మాట తప్పలేదు.

ఈ రెండు మాటలు వేరు వేరు చోట్ల పుట్టినవి. బిట్ అను పదమును క్లాడ్ షానన్ 1948లో తన సుప్రసిద్ధ వ్యాసమున అచ్చులో వాడి, దానిని సూచించినవాడు జాన్ ట్యూకీ అని చెప్పినాడు. బైటు అను పదమును 1956లో ఐబీఎం సంస్థలో వెర్నర్ బుఖ్‌హోల్ట్స్ కల్పించినాడు. తంతివార్తలు పంపువారు తీగమీద ఒకదాని వెనుక నొకటిగా పోవు సంకేతములను లెక్కించిరి. యంత్రములు కట్టువారు గుంపులుగా నిలువచేసిన అక్షరములను లెక్కించిరి. ఇప్పుడు రెండు వృత్తులును ఒకే తెరమీద కలిసినవి గాని, లెక్కలు కలియలేదు. ఇంగ్లీషులో చిన్న 'బి' వ్రాసిన బిట్ అనియు, పెద్ద 'బి' వ్రాసిన బైటు అనియు సంకేతము. మన లిపిలో చిన్నక్షరము పెద్దక్షరము అను భేదమే లేదు. అందుచే తెలుగు పత్రికలలో రెండింటికిని "ఎంబీ" అనియే పడుచున్నది. ఈ పాపము కంప్యూటరుది కాదు, మనది. మెగాబిట్, మెగాబైటు అని పూర్తిగా వ్రాసిన అచ్చుకు పట్టు సిరా ఎంత?

రెండవ తప్పు ఇంకను సూక్ష్మమైనది. గిగా అనగా నూరు కోట్లని మనము పాఠము చెప్పుదుము. కాని విండోసు తన జీబీని లెక్కించునప్పుడు 1024ను మూడుమార్లు గుణించి, 1,07,37,41,824 బైట్లను ఒక జీబీ యనుచున్నది. తేడా నూటికి ఏడుకంటె కొంచెము ఎక్కువ. ఈ చిక్కును తీర్చుటకే అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘము 1998లో రెండవదానికి "గిబి" అను వేరు పేరు పెట్టినది. పేరు పెట్టి ఇన్నేండ్లైనను విండోసు తెర పాత పేరునే పట్టుకొని యున్నది.

ఏడు శాతమే కదా యని తోచవచ్చును. "అపరిమితము" అని ప్రకటించు పథకములలో కొన్నింటికి, చిన్న అక్షరములలో, నెలకు 3,300 జీబీ అను పరిమితి యున్నది. అది దాటినచో వేగము తగ్గించుదురు. ఆ జీబీ ఏ జీబీ? ఒకటి అనుకొన్న నొకటి, రెండవది అనుకొన్న నొకటి. రెండింటికి నడుమ 243 జీబీల తేడా వచ్చును. (నూరు మెగాబిట్ల లైను నిండుగా, రాత్రింబవళ్లు ఆగక నడచినచో మూడు దినముల కొక గంట మించిన కాలములో 3,300 జీబీ పూర్తియగును. సామాన్య గృహస్థునకు ఆ భయము లేదు. చిన్న పథకములవారికి మాత్రము ఆ ఏడు శాతము నెలలో రెండు దినముల వాడకము.)

మూడవ విషయము తూనికది. బైలదిల్ల గనుల ఇనుప ఖనిజము కొత్తవలస మీదుగా, మా పెందుర్తి స్టేషను దాటి, విశాఖ ఓడరేవు వైపు పోవుచుండుట మా ఊరి పిల్లలందరును చూచినదే. కాటామీద బండిని నిలిపిన ఖనిజము బరువు ఒక్కటే రాదు. బండి ఇనుము బరువుకూడ కలిసివచ్చును. రైల్వేవారు ఖాళీ బండి బరువును దాని ప్రక్కనే పెయింటుతో వ్రాసియుంతురు. అందుచే ఎవరైనను తీసివేసి నికర బరువును తెలిసికొనవచ్చును. ప్యాకెట్టుకుకూడ బండి బరువున్నది. మామూలుగా ఒక నిండు ప్యాకెట్టులో మనకు కావలసిన సరకు 1460 బైట్లు. దానిమీద, విడిపోయిన మూటలను వరుసగా పేర్చుటకు 20 బైట్ల చీటి, ఎక్కడినుండి ఎక్కడికో తెలుపుటకు 20 బైట్ల చిరునామా, ఇంటి తీగకు కావలసిన 14 బైట్ల చీటి యొకటి. మొత్తము 1514. కౌంటరు కాటా వంటిది. మోత బరువునే వ్రాసికొనును. కాని ఖాళీ బండి బరువును తెర ఎక్కడను వ్రాయదు.

ఇప్పుడొక చిత్రము. సరిగా నూరు కోట్ల బైట్ల ఫైలు నొకదానిని దించుకొంటిమనుకొందము. దానిని 1460 చొప్పున విడగొట్టిన 6,84,932 ప్యాకెట్లగును. ఒక్కొక్కదానికి 54 బైట్ల చీటీలు. చీటీల బరువే 3,69,86,328 బైట్లు. కావున కౌంటరు 1,03,69,86,328 బైట్లు పెరుగును. అనగా సరకుకంటె నూటికి మూడున్నరకు పైగా ఎక్కువ. ఈ సంఖ్యను విండోసు తన పెద్ద జీబీతో భాగించును. వచ్చునది 0.97! ఒక జీబీ ఫైలును దించినాము. అంతకంటె ఎక్కువ బరువు తీగమీద నడచినది. తెర మాత్రము తక్కువ చూపుచున్నది. ఒక తప్పు అంకెను పెంచగా రెండవ తప్పు దానికంటె ఎక్కువ తగ్గించినది. రెండును కలిసి ఇంచుమించు సరియైన జవాబునే ఇచ్చుటచే ఎవరికిని అనుమానము రాదు. రెండుచోట్ల పొరబడి జవాబు సరిగా తెచ్చిన విద్యార్థిని పట్టుకొనుట ఎంత కష్టమో లెక్కల మాస్టర్లకు నేను చెప్పవలెనా!

పై లెక్కలో "పంపినది" అను గడినికూడ చూడవలెను. మనమేమియు పంపలేదు గదా, అది సున్నగా నుండవలెను. ఉండదు. ప్యాకెట్లు అందినవని ఎప్పటికప్పుడు మన కంప్యూటరు రసీదులు పంపుచుండును. రెండింటి కొకటి చొప్పున 54 బైట్ల రసీదు పంపినను, ఆ ఒక్క ఫైలుకు ఒక కోటి ఎనుబది లక్షల బైట్లకు పైగా బయటికి పోవును. తన కంప్యూటరునుండి ఎవరో రహస్యముగా సమాచారము లాగుచున్నారని ఈ గడిని చూచి బెదిరినవారిని నేనెరుగుదును.

ఇంతవరకు చెప్పినవి శాతములలో తేడాలు. మా ఉపాధ్యాయుని కాగితములోని తేడా రెట్లలో నున్నది. దానికి కారణము వేరు. ఎక్కడ నిలబడి లెక్కించినాము అనునది.

ఇంటి కంప్యూటరు తన గుమ్మమును దాటినవాటినే లెక్కించును. అదే వైఫైమీద నడచు మూడు ఫోనులు, సాయంకాలమంతయు సినిమాలు చూపు టెలివిజను దానికి కనబడవు. కంపెనీ వీధి చివర నిలబడి, ఇంటిలోనికి వచ్చిన సమస్తమును లెక్కించును. ఈ రెండంకెలు సమానమైనచోనే ఆశ్చర్యపడవలెను! తేడా ఎల్లప్పుడును ఒకవైపే యుండునని కూడ తలపరాదు. ఫోనులోని పెండ్లి ఫోటోలను వైఫైద్వారా కంప్యూటరులోనికి మార్చుకొంటిమా, కంప్యూటరు వాటిని లెక్కవేయును. అవి ఇల్లు దాటలేదు గనుక కంపెనీకి కనబడవు. ఆఫీసు పనికై వీపీఎన్ అను మార్గమును తెరచినవారి కంప్యూటరులో ఒకే సరకు రెండు కార్డులను దాటినట్లు కనబడును. రెండింటిని కూడిన రెట్టింపగును.

కాలముకూడ వేరు. విండోసు పుట సాధారణముగా చూపునది నేటినుండి వెనుకకు ముప్పది దినములు. కంపెనీ నెల బిల్లు తేదీనుండి మొదలగును. ఇరువదవ తేదీన రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి పోల్చుటయనగా, ఒక తరగతి మూడునెలల పరీక్ష మార్కులను ఇంకొక తరగతి ఆరునెలల పరీక్ష మార్కులతో పోల్చుట.

ఇక రూటరు. అది ఇంటి సింహద్వారము. అన్నింటికంటె సరియైన లెక్క దానిదే కావలెను. మరి అతితక్కువ ఏల చూపినది? దీనికి రెండు కారణములుండవచ్చును. ఒకటి, కరెంటు పోయి వచ్చినప్పుడెల్ల చాల రూటర్ల కౌంటర్లు మరల సున్ననుండి మొదలుపెట్టును. రెండవది గణితశాస్త్రము చెప్పువారికి ముచ్చట కలిగించునది.

నెట్‌వర్కు పెట్టెలలోని కౌంటర్లను బయటివారు చదువుటకు 1991లో ఒక ప్రమాణమేర్పడినది. దానిలో ఈ కౌంటరుకు కేటాయించినది 32 బిట్లు. 32 బిట్లలో పట్టు సంఖ్యలు 4,29,49,67,296. ఆ పైన? పాత స్కూటరు మీటరు 99,999 తరువాత సున్నకు తిరిగినట్లు, ఇదియు సున్నకు తిరుగును. ఆనాటి పది మెగాబిట్ల తీగమీద నిండుగా నడచినను ఒక చుట్టు తిరుగుటకు 57 నిమిషములు పట్టును. నూరు మెగాబిట్లమీద ఆరు నిమిషములైనను పట్టదు. గిగాబిట్ తీగమీద 34 సెకన్లు! అందుచే తరువాత 64 బిట్ల కౌంటర్లను ప్రమాణములో చేర్చిరి. అవి గిగాబిట్ వేగమున ఒక చుట్టు తిరుగుటకు నాలుగువేల ఆరువందల సంవత్సరములకు పైగా కావలెను. అయినను 32 బిట్ల కౌంటరునే చదువు చౌక పెట్టెలు, పాత కార్యక్రమములు ఇంకను లేకపోలేదు.

చుట్టు ఒక్కమారే తిరిగినచో నష్టము లేదు. మొదటి చదువు 420 కోట్లు, రెండవది 30 కోట్లు అనుకొందము. తీసివేసిన ఋణసంఖ్య వచ్చును. దానికి 4,29,49,67,296 కలిపిన 39,49,67,296 వచ్చును; అదే నిజమైన వాడకము. గడియారములో పదకొండు గంటలకు బయలుదేరి రెండు గంటలకు చేరినవాడు మూడు గంటలు ప్రయాణము చేసెనని లెక్కకట్టుట ఇట్టిదే. కాని అతడు ఒక పూట గడిపి చేరినాడో, రెండు పూటలు గడిపి చేరినాడో గడియారము చెప్పజాలదు. రెండు చదువుల నడుమ కౌంటరు రెండుమార్లు తిరిగినచో ఆ లెక్క తిరిగి రాదు.

ఒక్క విషయములో ఈ తెరను నేను క్షమింపజాలను. కార్యక్రమములవారీ పట్టికలో "సిస్టమ్" అను పేరుతో ఒక వరుస యుండును. ఒక్కొక్క ఇంట అదే అన్నింటికంటె పెద్దది. అందులో ఏమేమి చేరినవో విడమరచి చెప్పదు. చిల్లర ఖర్చులని వ్రాసి, అన్నింటికంటె పెద్ద మొత్తమును దాని కెదురుగా వేసిన గుమాస్తాను ఏ యజమాని ఊరకుంచును? 2015లో వచ్చిన పదవ విండోసునుండి "డెలివరీ ఆప్టిమైజేషన్" అను ఏర్పాటొకటి కలదు. మైక్రోసాఫ్టునుండి వచ్చిన సవరణల ముక్కలను మన కంప్యూటరు ఇతర కంప్యూటర్లకు పంచిపెట్టు ఏర్పాటిది. దాని లెక్క వేరొక పుటలో నున్నది. ఆ పుట యున్నదని మొదటి పుట చెప్పదు. పరోపకారము మంచిదే, మన ఖర్చుతో జరుగునప్పుడు మనకొక మాట చెప్పిన ఇంకను బాగుండును.

కంపెనీలవైపు చూచిన, పరిస్థితి పూర్తిగా అన్యాయముగా లేదు. వాడకము పరిమితిలో సగమునకును, నూటికి తొంబదికిని చేరినప్పుడు వినియోగదారునకు తెలుపవలెనని టెలికాం నియంత్రణ సంస్థ 2016లో ఆదేశించినది. తెలుపుటకు వాడు అంకె కంపెనీదే గదా! దానిని ఇంటివాడు సరిచూచుకొనుట యెట్లు?

ఈ సందేహము మా ప్రాంతములో స్తంభము నెక్కియే కూర్చున్నది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించినారు. మొదట నెలకు కనీస రుసుము 149 రూపాయలు. నేలను త్రవ్వు ఖర్చు తగ్గించుటకై దాని గాజుతీగను చాలవరకు విద్యుత్ స్తంభములమీదుగానే లాగినారు. ఒకే స్తంభమునుండి రెండు తీగలు ఇంటిలోనికి వచ్చుచున్నవి. ఒకదాని చివర సీలు వేసిన మీటరున్నది. సరియైన మీటరు లేకుండ విద్యుత్తును సరఫరా చేయరాదని 2003 నాటి విద్యుచ్ఛక్తి చట్టము 55వ విభాగము చెప్పుచున్నది. మీటరుమీద అనుమానమున్నచో పరీక్ష చేయించుమని అడుగవచ్చును. అందులో యూనిట్టనగా కిలోవాట్-గంట. ఇంకొక అర్థము లేదు. రెండవ తీగ చివర రంగురంగుల దీపములు మిణుకు మిణుకుమను పెట్టె యున్నది. దానిలో జీబీ అనగా ఏమో పెట్టె చేసినవాడు చెప్పడు, కంప్యూటరు చెప్పదు, బిల్లును చెప్పదు.

గాజుతీగకు సీలు వేసిన మీటరు పెట్టుమని నేను కోరుటలేదు. వాడుకలో ఆ యవసరము లేదు. కోరునది ఒక్క పంక్తి. అంకె క్రింద చిన్న అక్షరములలో, "ఈ కంప్యూటరు గుమ్మమున లెక్కించినది, ఫలానా తేదీనుండి, చీటీలతో సహా, ఒక జీబీ అనగా ఇన్ని బైట్లు" అని వ్రాసిన చాలును. రైలుబండి ప్రక్కన ఖాళీ బరువు వ్రాయుటకు పట్టిన పెయింటుకంటె ఎక్కువ ఖర్చు కాదు.

అంతవరకు ఉపాధ్యాయులు తరగతిలో చేయించదగిన పరీక్ష యొకటి చెప్పెదను. పాఠశాల కంప్యూటరులో ఆజ్ఞలు వ్రాయు నల్లని కిటికీని తెరచి, నెట్‌స్టాట్ అను మాటను ఇంగ్లీషులో వ్రాసి, ఖాళీ విడిచి, అడ్డుగీత పెట్టి, ఇంగ్లీషు 'ఇ' అక్షరమును చేర్చి ఎంటర్ మీట నొక్కవలెను. వచ్చిన బైట్లు, పంపిన బైట్లు రెండు వరుసలలో కనబడును. ఇవి భాగించని ముడి సంఖ్యలు. వీటిలో జీబీ తగవు లేదు. మొదట అయిదు నిమిషములు ఏమియు చేయక ఊరకుండి, అంకె ఎంత పెరిగినదో వ్రాసికొనవలెను. ఇది మన శూన్యాంశ దోషము. అది సున్న కాకపోవుట విద్యార్థులకు ఆశ్చర్యము కలిగించును. పిమ్మట పరిమాణము తెలిసిన ఫైలు నొకదానిని అయిదు నిమిషములలోగా దించి, మరల చదివి, మొదటి దోషమును తీసివేయవలెను. మిగిలినది ఫైలుకంటె నూటికి ఎంత ఎక్కువయో లెక్కకట్టుడు. మూడున్నరకు, అయిదుకు నడుమ వచ్చినచో ప్రయోగము సరిగా జరిగినట్లు. ఫైలు మరీ పెద్దది కాకుండ చూచుకొనుడు; 400 కోట్ల బైట్లు దాటినచో పైన చెప్పిన స్కూటరు మీటరు చిక్కు ఎదురుపడవచ్చును.

మా ఉపాధ్యాయుడు ఇంటికి పోయి వేరొక పరీక్ష చేసినాడు. ఒక ఆదివారము రాత్రి తొమ్మిది గంటలకు కంపెనీ లెక్కను చదివి, కంప్యూటరును పూర్తిగా ఆపివేసి, మరునాడు రాత్రి తొమ్మిదికి మరల చదివినాడు. కంప్యూటరు ఆగియున్న ఆ ఇరువదినాలుగు గంటలలోను అంకె చక్కగా పెరిగినది. మంగళవారము టెలివిజను ప్లగ్గును తీసివేసి అదేవిధముగా చూచినాడు. పెరుగుదల నాలుగవ వంతుకు పడిపోయినది. "దొంగ దొరికాడండి, మా ముందుగదిలోనే ఉన్నాడు" అని ఫోనులో చెప్పినాడు. రూటరు అంకె సంగతి ఇంకను తేలలేదు. ఆ పెట్టె కౌంటరు ఎన్ని బిట్లదో దాని పుస్తకములో వ్రాయలేదట.